పద్దెనిమిది ఎం.ఎం.

నిలబెట్టి పట్టుకో, దాలినాయుడూ.
పడుకోబెట్టి మోస్తే
విరిగే నడుం దానిది కాదు, నీది.
ఎనిమిదడుగులు, నాలుగడుగులు.
లిఫ్టులో పట్టదు,
మూడో అంతస్తు దాకా మెట్లే.
మలుపులో ముందు మూల తిప్పు.
మూల చితికిందా,
ఇక ఆ షీటు ఎవరి వంటింట్లోనూ తలెత్తుకోదు.

గోడకి చేరేసి టీకి పోకు.
రాత్రికి రాత్రి వంగిపోద్ది,
పొద్దున్నే ఎంత బతిమాలినా నిటారు కాదు.
నేల మీద మూడు బద్దీలేసి
చాప పరిచినట్టు పరువు.

ఇందులో చెట్టుందా అని అడిగావు నిన్న.
ఉంది.
అరకు కాఫీ తోటలో నీడకి పెంచిన సిల్వర్ ఓకో,
నర్సీపట్నం దారిలో జామాయిలో.
కత్తి ముందు గిరగిరా తిప్పి
చుట్టిన చాపని విప్పినట్టు విప్పేస్తారు.
ఒక పొర నిలువు, దాని మీద పొర అడ్డం,
మాట పడని అన్నదమ్ముల్ని
జిగురు పోసి ఒత్తినట్టు.
ఆ తగువే దీని బలం.

ముక్కుకి గుడ్డ కట్టు, ముందు.
నవ్వకు.
నీ వయసులో నేనూ నవ్వాను.

అంచు.
అంచు మర్చిపోకు.
మొహానికి సన్‌మైకా అందరూ అంటిస్తారు.
లాసన్స్ బే గాలికి మొహంతో పన్లేదు,
అంచు వెతుక్కుంటుంది,
స్క్రూ కన్నం వెతుక్కుంటుంది,
సింకు వెనక ఎవరి బ్రష్షూ చేరని
వేలెడు జాగా వెతుక్కుంటుంది.

ఈ వంటిల్లు నేను కట్టిందే.
పెద్ద తుఫాను పోయిన మరుసటేడు.
"లైఫ్ టైమండీ" అన్నాడు డాబాగార్డెన్స్ షాపాయన.
ఎవరి లైఫో ఆయన చెప్పలేదు,
నేనూ అడగలేదు.

ఇదిగో, సింకు కింద
నాలుగొందలు మిగుల్తాయని ఓనరు పెట్టమన్న పొట్టుపలక.
టీలో మర్చిపోయిన రస్కులా ఉబ్బింది.
వేలు పెడితే వేలు దిగిపోతోంది.
అటు పక్క ప్లైలో చెద
చెక్కంతా తిని జిగురుని వదిలేసింది,
రూళ్ళ పుస్తకంలో అక్షరాలు మేసి
గీతలు మిగిల్చినట్టు.

కట్టడం రెండు వారాలు.
విప్పడం ఒక్క రోజనుకున్నాం, ఇది మూడోది.
పాత కన్నంలో పాత స్క్రూ రెండోసారి నిలవదు.
ఇది నేను చెప్పక్కర్లేదు,
చేతికే తెలుస్తుంది.

కిందకి దించాక అసలు పని.
పాతినుం బండాయన మడతబందులు ఏరుకుని
చెక్క వైపు చూడకుండా గంట కొట్టుకుంటూ పోయాడు.
జీవీఎంసీ బండి మీది అమ్మాయి
రెండు డబ్బాలూ చూపించి అడిగింది:
"తడా, పొడా?"
నేను ఉబ్బిన పలకని చూశాను.
ఇరవై రెండేళ్ళ పనిలో
ఇంత కష్టమైన లెక్క ఎవరూ అడగలేదు.
ఏ డబ్బాలో వేసినా
కాపులుప్పాడ గుట్ట మీదకే.
అక్కడ తొందరగా కుళ్ళదు,
మొలకెత్తడం ఎలాగూ లేదు.

పేళ్ళు ఇమ్మని ఇడ్లీ చుక్కమ్మ వచ్చింది.
ఇవ్వనన్నాను.
"ఏటి బావూ, సెత్తలో పారేసే దానికి కూడా
పిసినారితనవేనా?"
ఏం చెప్పను?
కంచరపాలెంలో మా అమ్మ
నాలుగేళ్ళు వీటితోనే నీళ్ళు కాచింది.
ఊరికే వచ్చేవి, చురుగ్గా మండేవి.
ఆవిడ కళ్ళు కారితే
పొగ కదా అనుకున్నాం.
పొగలో జిగురుందని
షాపులో చెప్పలేదు, షీటు మీద రాయలేదు.
చుక్కమ్మ రేపట్నించి నాకు
చట్నీ తక్కువేస్తుంది, వెయ్యనీ.

ఆగు, ఆ వెనక పలక ఇటు తిప్పు.
మా డబ్బుల్తో అంచు మూసింది,
ఇంకా గంటలా మోగుతోంది.
గవర్రాజు రాత, చూడు:
"ఎడమ. ఇరవైమూడున్నర."
కింద, చిన్నగా,
"బావ బాకీ 240."
ఆ బావని నేనే.
గవర్రాజు ఇప్పుడు షిప్‌యార్డు గేటు దగ్గర
హెల్మెట్లు అమ్ముతున్నాడట.
పెన్సిలు ఉబ్బదు,
చెద కూడా ముట్టదు.

ఆ ముక్క బండిలో వెయ్యకు.
వేరేగా పెట్టు.
గోడకి కాదు, దాలినాయుడూ,
పడుకోబెట్టు.
కింద బద్దీలేసి.